గురి రాజు తుపాకీ

ఫ్రిడోలిన్ దుకాణం తలుపు తీసేసరికి రెగూలా మెట్టు మీద కూర్చుని ఉంది. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి. కొండమీది ఇంటినుంచి నడిచే వచ్చింది. ఒక చేతిలో గుర్తింపు కార్డు, ఇంకో చేతిలో ఫ్రాంకుల నోట్లున్న కవరు.

"మెల్క్ తుపాకీ ఇవ్వు," అంది.

తుపాకులు బాగుచేసి అమ్మే ఫ్రిడోలిన్ ఆమెను లోపలికి తీసుకెళ్లాడు. ఆ తుపాకీ కోసం ఊళ్లో ఇంకెవరొచ్చినా ఆశ్చర్యపోయేవాడు కాదు. ఈమె రావడమేమిటి?

అది సైన్యం ఎప్పుడో పక్కన పెట్టేసిన పాతకాలపు తుపాకీ. కొలువు ముగిశాక మెల్క్ దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. దానితోనే వరసగా పదిహేడేళ్లు ఊరి గురిపోటీలో రాజయ్యాడు. ఆ పదిహేడేళ్లూ రెండో స్థానం రెగూలా మొగుడు బాల్జ్‌ది. బాల్జ్ నోరూ మంచిది కాదు, చెయ్యీ మంచిది కాదు. పోటీ రోజు వాళ్లింట్లో పళ్లేలు పగిలేవి. చివరికి ఆ కుళ్లుతోనే పోయాడు.

మెల్క్ పెళ్లి చేసుకోలేదు. తూటా ఎక్కడ తగిలిందో గుంటలోంచి మనిషి కర్రతో చూపించే పద్ధతి పోయి, తెరమీద చూపించే యంత్రాలు వచ్చిన ఏడాది, మోకాళ్ల నొప్పులని పోటీలు మానేశాడు. తుపాకీని మాత్రం ఎవర్నీ తాకనివ్వలేదు. ఈ మార్చిలో ఆయనా పోయాడు. అన్నకొడుకు దాన్ని అమ్మిపెట్టమని ఫ్రిడోలిన్‌కి ఇచ్చి వెళ్లాడు.

"పెద్దమ్మా, దాన్ని హైరికి ఇస్తానని మాటిచ్చాను."

"కాగితం రాసుకున్నారా?"

రాసుకోలేదు. ఒప్పంద పత్రం మీద సంతకం పడితేనే తుపాకీ చేతులు మారేది. ఆ సంగతి ఆమెకు తెలుసు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఫ్రిడోలిన్ ఫోన్ చేస్తే హైరి పది నిమిషాల్లో ఊడిపడ్డాడు. ఊరి గురి సంఘానికి ఆయన అధ్యక్షుడు. ఆదివారం సంఘానికి నూట యాభై ఏళ్లు నిండుతాయి. ఆ రోజు సభ్యులందరూ రాజు తుపాకీతో తలో తూటా కాల్చాలని, తర్వాత దాన్ని సంఘం గోడకు తగిలించాలని ఏర్పాటు. కరపత్రాలు కూడా పంచేశాడు.

ముందు బుజ్జగించాడు. మొదటి తూటా నువ్వే కాల్చమన్నాడు. బాల్జ్ ఫొటో కూడా పక్కనే పెట్టిస్తానన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అసలు ఏం చేసుకుంటావని అడిగాడు.

"కమ్మరి దగ్గర ముక్కలు కోయిస్తా."

"చచ్చినవాడి మీద పగేంటి రెగూలా? నీ మొగుడికి చేతకాక ఓడిపోతే తుపాకీ ఏం చేసింది?"

"నా మొగుడి సంగతి నాకు చెప్పకు. తుపాకీ ఇప్పించు."

"ఇప్పించను. సంఘమంతా ఒక్క మాట మీద ఉంది. నువ్వొక్కదానివి ఏం చేస్తావ్?"

రెగూలా కుర్చీలోంచి కదలలేదు. కాల్చే చోటికీ గురిబోర్డులకీ మధ్యనున్న మూడొందల మీటర్ల పచ్చిక ఎవరిదని నెమ్మదిగా అడిగింది. అది ఆమె పుట్టింటివాళ్లు ఆమెకిచ్చిన నేల.

"ఆదివారం నా పదకొండు ఆవులూ అక్కడే మేస్తాయి. కాలిస్తే కాల్చుకోండి."

ఆవులు మేసే పచ్చిక మీదుగా ఆ లోయలో ఎవడూ తుపాకీ పేల్చడు. పేల్చినవాడు మళ్లీ ఊళ్లో తలెత్తుకుని తిరగలేడు. హైరి ఫ్రిడోలిన్ వంక చూశాడు. ఫ్రిడోలిన్ నేల వంక చూశాడు. నూట యాభై ఏళ్ల పండుగ కావాలా, ఒక పాత తుపాకీ కావాలా? కొరకరాని కొయ్య అని గొణుక్కుంటూ హైరి టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆమె సంతకం చేసింది. కాఫీ తాగి వెళ్లమంటే వద్దంది. తుపాకీ భుజాన వేసుకుని నడివీధిలోంచి దర్జాగా నడిచింది. బేకరీ ముందున్నవాళ్లు, ఈ వయసులో యుద్ధానికా అని వెక్కిరించారు.

"యుద్ధం అయిపోయింది. గెలిచి వస్తున్నా," అంది.

కమ్మరి రంపం ఆగేదాకా దగ్గరే నిలబడింది. కోసేముందు ఒక్కసారి గురి పెట్టి చూస్తానని కమ్మరి బతిమాలినా ఒప్పుకోలేదు. గొట్టం నాలుగు ముక్కలయ్యాకే ఇంటిదారి పట్టింది.

ఎంత రాచిరంపాన పెట్టినా మొగుడు మొగుడే, ఇన్నాళ్లకు బాల్జ్ ఆత్మకు శాంతి దొరికింది అని ఊరు ఊరంతా అనుకుంది.

మెల్క్ తుపాకీలోంచి వెళ్లిన ప్రతి తూటా మూరెడు ఎడమకే పోయేది. యంత్రాలు రాకముందు ఆ పదిహేడేళ్లూ గురిబోర్డుల కింద గుంటలో కూర్చుని, అతని తూటా చిల్లులకు గుట్టుగా కాగితం అంటించేసి, పొడవాటి కర్రతో నల్లచుక్క నడిమధ్యను చూపించింది రెగూలాయే.