చెరిగిపోయిన చుక్క

“ఇక్కడ ఉండాల్సిన చుక్క ఏదమ్మాయ్?”

లోరాంద్ మాస్టారి వేలు ఫోటో మీద ఆగిపోయింది. సుత్తి పట్టుకుని స్టూలు మీద నిలబడ్డ ఎటెల్కా కిందికి వంగి చూసింది.

వచ్చే ఆదివారం వాళ్ళ ఊరి ఖగోళ సంఘం ప్రదర్శన. సింహరాశిలోని ఒక సుడి గెలాక్సీని మాస్టారు నలభై ఏళ్ళ కిందట, ఫిల్ము రోజుల్లో తీశారు. అదే గెలాక్సీని ఎటెల్కా ఈ వసంతంలో తన పెరట్లోంచి తీసింది. రెండూ పక్కపక్కన వేలాడదీద్దామన్నది మాస్టారే. తీరా పక్కన పెట్టేసరికి ఇదీ సంగతి. ఆయన ఫోటోలో గెలాక్సీ అంచున మెరుస్తున్న చుక్క ఆమె ఫోటోలో లేదు. మిగతావన్నీ ఉన్నాయి. ఆయన ఫిల్ముకు అందని సన్నసన్న చుక్కలు కూడా ఉన్నాయి. కొట్టొచ్చినట్టు కనపడాల్సింది, అదొక్కటే లేదు.

“నాకు తెలీదు మాస్టారూ.”

“తెలీకపోవడమేమిటి? కంప్యూటర్లో తుడిచావా?”

“మచ్చలు తీశాను. అందరం తీస్తాం కదా.”

“మచ్చల్తోపాటు నక్షత్రాన్ని కూడా ఊడ్చేశావన్నమాట! ఆకాశంలో లేనిది పెట్టకూడదు, ఉన్నది తీయకూడదు. మొదటిరోజే చెప్పానా లేదా?”

చెప్పారు. బళ్ళో లెక్కలు చెప్పినవారూ ఆయనే, పెద్దయ్యాక టెలిస్కోపుకు కన్ను ఆనించడం నేర్పినవారూ ఆయనే. హాల్లో కుర్చీలు సర్దుతున్నవాళ్ళు చేతులాపి చూస్తుండగా మాస్టారు ఆమె ఫోటోను బల్ల మీద బోర్లించారు.

ఎటెల్కా ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూలబడింది. మెరుగులు దిద్దకముందు కెమెరా ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్న ఫోటోలన్నీ ఒక్కొక్కటే తెరిచింది. ఒక్కదానిలోనూ ఆ చుక్క లేదు.

“నువ్వు తుడవలేదని తేలిందిగా, ఇంకేం?” అన్నాడు ఆమె మొగుడు మిక్షా, గరిటెతో వంటింటి గుమ్మంలో నిలబడి.

“తుడవకపోతే ఏమైనట్టు మరి?”

“వేరే గెలాక్సీ తీశావేమో.”

“నీ మొహం. చుట్టూ ఉన్నవన్నీ సరిపోయాయి.”

“అద్దం మీద దుమ్ము?”

“దుమ్ముంటే మసక పడుతుంది. నక్షత్రం మాయమైపోదు.”

“అయితే ముసలాయనదే తప్పు. ఫిల్ము మీద ఏ గాటో పడుంటుంది. ఆయన దాన్ని నక్షత్రం చేసి కూర్చోబెట్టాడు.”

ఆ మాట ఆమెకు నచ్చింది. మర్నాడు మాస్టారింటికి వెళ్ళి, కాఫీ తాగేదాకా ఆగి, నెగటివ్ ఒకసారి చూపించమని మెల్లగా అడిగింది.

ఆయన మొహం ఎర్రబడింది. “నీ కంప్యూటరు చేసిన పాడుపనికి నా ఫిల్మును పరీక్షిస్తావా?” అంటూనే లోపలికెళ్ళి రెండు నెగటివులు తెచ్చారు. ఒకే వారంలో వేరువేరు రాత్రులు తీసినవి. కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే రెండింటిలోనూ అదే చోట, అదే చుక్క. గాటు రెండుసార్లు ఒకేచోట పడదు.

“మన పాలపుంతలోదే, గెలాక్సీకి అడ్డొచ్చింది,” అన్నారు మాస్టారు. “ఎక్కడికీ పోనిది నీ పెరటి మీదికి రాగానే పారిపోయిందా?”

ఒకసారి తీసినదాని జోలికి మళ్ళీ పోయే మనిషి కాదాయన. కొత్తదాని వెంట పడ్డారు జీవితమంతా. ఒక్క తోకచుక్కయినా తన పేర దొరుకుతుందని మబ్బులేని రాత్రల్లా కొండెక్కారు. దొరకలేదు. ‘తోకలేని మాస్టారు’ అని బడిపిల్లలు చాటుగా నవ్వుకునేవాళ్ళు. ఆయనకు మిగిలిందల్లా గోడ మీది ఆ ఫోటో, అబద్ధమాడడన్న పేరు.

మబ్బు విడిచాక ఎటెల్కా మళ్ళీ తీసింది. కెమెరా తిప్పి బిగించి, మిక్షా మేనల్లుడి దగ్గర టెలిస్కోపు అరువు తెచ్చి, దానితోనూ తీసింది. లేదు. ఆయన ఫిల్ములో ఖచ్చితంగా ఉంది, తన కెమెరాలో ఖచ్చితంగా లేదు. రెండూ నిజమెలా అవుతాయి? అన్నం తింటున్నా అదే, తను పనిచేసే మందుల షాపులో చీటీలు చదువుతున్నా అదే. జ్వరం మాత్రలు అడిగినావిడకు దగ్గు మందు ఇచ్చి తిట్లు తింది. చివరికి బుడాపెస్ట్‌లో అబ్జర్వేటరీలో పనిచేస్తున్న, మాస్టారి దగ్గరే తనతో చదువుకున్న చిన్ననాటి స్నేహితురాలు ఎమెషెకు రెండు ఫోటోలూ పంపి, ‘నాకు పిచ్చెక్కుతోంది, కాస్త చూడు’ అని రాసింది.

ఆదివారం హాలు నిండింది. మాస్టారి ఫోటో పక్కన ఒట్టి మేకు. క్షమాపణ చెప్పేసి సంఘంలోంచి తప్పుకుందామని ఎటెల్కా ఆయన వైపు నడుస్తుండగా ఎమెషె వచ్చింది. కోటు కూడా విప్పకుండా సరాసరి ఆ ఫోటో దగ్గరికి పోయింది.

“మాస్టారూ, ఎటెల్కా ఏమీ తుడవలేదు. అక్కడ నక్షత్రం లేదు.”

“లేకపోవడమేమిటే? కళ్ళెదురుగా ఉంటే!”

“మీకంటే ముందు తీసినవీ, తర్వాత తీసినవీ మా దగ్గర చాలా ఉన్నాయి. అన్నీ తిరగేశాను. ఎందులోనూ లేదు.”

హాల్లో గుసగుసలు లేచాయి. మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“అంటే... నేనే పెట్టుకున్నానంటావా?”

ఎటెల్కా గబుక్కున ఆయన భుజం పట్టుకుంది. “ఆయన అలాంటి పని చేయరు ఎమెషే! నెగటివులు నేను నా కళ్ళతో చూశాను. ఎలా వచ్చిందో నాకు తెలీదు. ఆయన మాత్రం పెట్టలేదు.”

“పెట్టారని నేనెప్పుడన్నాను?” ఎమెషె ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ పట్టుకుంది.

“ఆ గెలాక్సీలో పేలి, కొన్ని వారాలు వెలిగి ఆరిపోయిన నక్షత్రాన్ని లోకంలో మీరొక్కరే పట్టుకున్నారు మాస్టారూ.”