సెట్టింగు అమ్మవారు

సంచీలోంచి టెంకాయ బయటపడింది.

"లోపలికి తినే సరుకు తీసుకపోగూడదు అవ్వా," అన్నాడు నిత్యానందం. గిద్దలూరులోని ఆ సినిమా హాలుకి మేనేజరూ అతనే, గేటు దగ్గర మనిషీ అతనే.

"తినేదానికి కాదు నాయనా. అమ్మకి."

"ఏ అమ్మకి?"

ముసలామె గోడ మీది పోస్టరు చూపించింది.

ఆకాశం నిండా ఇనుప పళ్లెం లాంటి ఓడ. దాని కింద చిన్న గుడి. వేరే గ్రహం వాళ్లు దండెత్తి వస్తే, భక్తితో వాళ్లని తరిమికొట్టే కథ. చూసినవాళ్లు, పోవద్దని చెప్పి, చూడనివాళ్లని కాపాడుతున్నారు.

కిటికీలోంచి టికెట్లిచ్చే రమణి ఫక్కున నవ్వింది.

"తెర ముందర టెంకాయ కొడతావా ఏంది అవ్వా?"

"ఈ సినిమాని మా కొండ కిందనే తీసినారమ్మా. గుడి కట్టి అమ్మని నిలబెట్టినారు. వాళ్లు ఉన్నన్నాళ్లు నేనే ఊడ్చి ముగ్గేసినా."

"అది సెట్టింగు అవ్వా. అట్టలు, సుద్ద."

"నాకూ చెప్పినార్లే. నీళ్లు పోస్తే ముక్కు కరిగిపాయె. బాగా తిట్టినారు." తనే నవ్వింది. "అయితే ఏంది? పసుపు ముద్ద పెట్టి గౌరమ్మ అని మొక్కుతామే, దానికి ముక్కుందా?"

రమణి కిటికీలోంచి ముందుకి వంగింది.

"ఆఖర్న అమ్మని లారీలో ఏసుకోని పోయినారు. యాడుందో ఎవురూ చెప్పరు. సినిమాలో ఉందంటే వచ్చినా. ఒక్కసారి చూసి పోతా."

నిత్యానందం హాల్లోకి తొంగి చూశాడు. మ్యాట్నీ టైము దాటినా ఒక్క మనిషి లేడు.

"ఒక్క టికెట్టుకి షో వెయ్యం అవ్వా. రేపటినుంచి వేరే సినిమా."

"అంతా వద్దులే నాయనా. అమ్మ వచ్చే ముక్క ఒక్కటి వెయ్యి."

"ఆ ముక్క ఆఖర్లో ఉందంట. అందాకా నేనే చూడలేక లేచి వచ్చినా."

"వేద్దాం మామా, పాపం," అంది రమణి.

"ఓనరుకి నువ్వు చెప్తావా?"

ముసలామె మెట్లు దిగింది. రోడ్డు మీదికి పోయి నిలబడింది.

"సినిమాకి రాండి నాయనా. రాండమ్మా."

"ఆ సినిమాకా? నిన్న సగం చూస్తేనే వచ్చిన తలనొప్పి ఇంకా దిగలే," అన్నాడు టీ తాగుతున్న ఒకాయన.

"నిన్నేమన్నా కూలికి పెట్టినారా అవ్వా, సినిమావోళ్లు?" అన్నాడు ఇంకొకడు.

ఎవరూ రాలేదు. ఆమె మళ్లీ వచ్చి మెట్ల మీద కూర్చుంది.

"మీ ఊరోళ్లు గూడా కనపడతారంట గదా. వాళ్లని చూడాలని లేదా?" అడిగింది రమణి.

"వాళ్లని రోజూ చూస్తనే ఉండా. అమ్మనే చూడలా."

బస్సు హారను వినిపించింది.

"ఇది పోతే మా ఊరికి ఇంక బస్సు లేదమ్మా. ఇంటికాడ మేకలు ఎదురుచూస్తుంటాయి."

పోస్టరులోని గుడిని చేత్తో తాకి, ఆ చేతిని కళ్లకద్దుకుని బస్సెక్కింది.

బస్సు మలుపు తిరిగిందో లేదో, వాన దంచికొట్టింది.

కాలేజీ నుంచి వస్తున్న పిల్లలు గుంపుగా హాల్లోకి పరిగెత్తారు.

"టికెట్లియ్యి అక్కా. ఏ సినిమా అయినా సరే, తడవకుంటే చాలు."

రమణి రోడ్డు వైపు చూసి, "అయ్యో," అంది.

షో మొదలైంది. సినిమా అందరూ చెప్పినంత అన్యాయంగానే ఉంది. ఓడ పళ్లెంలా ఊగుతోంది. హీరో వేరే గ్రహం వాళ్లకి దేవుడి గురించి చెప్పిందే చెబుతున్నాడు.

"ఆపు సామీ, ఉపన్యాసానికే పారిపోయేట్టుండారు!" అని పిల్లల ఈలలు.

"ఆ అమ్మవారెట్లుందో చూద్దాం రా మామా," అని రమణి ఆఖర్లో నిత్యానందాన్ని లోపలికి లాక్కొచ్చింది.

ఓడ గుడి మీదికి దిగింది. నిప్పులు కురిశాయి. ఊరు పరిగెత్తింది. పూజారి పరిగెత్తాడు. హీరో కూడా పరిగెత్తాడు.

ఒక్క మనిషి మాత్రం వెనక్కి, గుడి వైపు పరిగెత్తింది.

గద్దని చూసిన తల్లికోడిలా చేతులు చాచి, అమ్మవారికి అడ్డం నిలబడి ఆకాశంలోకి చూసింది. ఏదో అరుస్తోంది. ఆ అరుపుని ఎవరూ రికార్డు చేసినట్టు లేదు. ఆ కళ్లలో నటన లేదు. అందాకా గెంతుతున్న కెమెరా కూడా కదలడం మరిచిపోయింది.

తెర మీద ఓడ ఆగింది.

హాల్లో ఈలలు ఆగాయి. ముందు వరసలో ఎవరో మెల్లగా చెప్పులు విడిచారు. నిత్యానందం చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

"మామా..." అంది రమణి. తెర వైపు వేలు చూపించింది.

ఆ సుద్దబొమ్మకీ ఆకాశానికీ మధ్య నిలబడి ఉన్నది, ఇందాక బస్సెక్కి వెళ్లిపోయిన అవ్వ.