కంట్లో కారం

"మొగం సూస్తే చెయ్యి లేవదప్పా. ముందు కండ్లల్లో కారం కొట్టు, తర్వాత నరుకు" అని చెప్పి జయరాజు మీదికి పంపారు కదిరప్పను.

కుందుర్పి దారిలో, ట్యాంకరు దగ్గర పట్టిన నీళ్ల బిందెను సైకిలుకు కట్టుకుని జయరాజు ఎదురొచ్చాడు. కదిరప్ప కారం విసిరాడు. గాలి ఎదురు తిరిగింది. కారమంతా కదిరప్ప కళ్లలోనే పడింది.

గుడ్డిగా కొడవలి విసిరాడు. జయరాజు భుజం తెగింది. మళ్లీ విసిరితే జయరాజు వేళ్లు తెగాయి. ఆ ఊపుకు కొడవలి చేజారింది. కళ్లు రుద్దుకుంటూ కదిరప్ప నేల మీద పడి అరిచాడు.

ముఖం మీద నీళ్లు పడ్డాయి. నీళ్లతో పాటు వెచ్చగా రక్తం.

"రుద్దుకోవద్దప్పా. నీళ్లు పోస్తాండా."

"నిన్ను నరకనీకి వచ్చినోణ్ని. నాకెందుకు పోస్తాండావు?"

"ప్రతి మనిషి లోపలా దేవుడు ఊదిన ఊపిరి దాగుంటాదని యూదుల పెద్దోళ్లు చెప్పినారంట. పాస్టరయ్య చెప్తే విన్నా. నీలో అది వెతుకుతాండా."

జయరాజు తెగిన చేత్తోనే కొడవలి తీసి అతని చేతిలో పెట్టాడు.

"మంట తగ్గినాక నువ్వూ నాలో వెతుకు. నా మొగం సూసి నరుకు."

బిందె ఖాళీ అయింది. మంట తగ్గింది.

కదిరప్ప కళ్లు తెరవలేదు.