నాచు పరీక్ష

“ఇది క్రిస్మస్ మాస్ కాదట నాన్నా, వట్టి జావా మాస్ అట! కొన్నాయన తెచ్చి మన మొహాన కొట్టి వెళ్ళాడు.”

కూతురు నీళ్ళ సంచీని బల్ల మీద పెట్టింది. లోపల ఆ మాస్ అనే నాచు గుప్పెడంత, దువ్వెన ఎరగని జుట్టులా చిందరవందరగా ఉంది. అక్వేరియం షాపు యజమాని అయిన ఆమె తండ్రి సంచీని కళ్ళజోడుకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూశాడు.

“క్రిస్మస్ మాసే. చీకటి మూల పెట్టి పెంచి ఉంటాడు. వెలుతురు చాలకపోతే దాని కొమ్మలు త్రికోణాలుగా రావు, జావాలాగా పీచుపీచుగా సాగుతాయి. తొట్టెలో లైటు మార్చుకోమను.”

“మార్చాల్సింది ఆయన లైటు కాదు నాన్నా, నీ కళ్ళు!”

నోరు జారానని తెలిసి ఆమె పెదవి కొరుక్కుంది. అయినా ఆగలేదు. “కళ్ళకు నీటికాసులు, చూపు తగ్గిపోతుందని డాక్టరు చెప్పాడు కదా. నిన్న నిచ్చెన మెట్టు కనబడక పడబోయావు. కింద చూస్తే తడి నేల, చుట్టూ కరెంటు వైర్లు. నువ్వు ఇంటిపట్టున ఉండు, షాపు నేను చూసుకుంటాను.”

“తాతకు దగ్గులు నేర్పకే. ఏ నాచు ఏదో నేను పోల్చుకోలేని రోజున ఈ తాళాలు నీ చేతిలో పెట్టేస్తాను. కావాలంటే ఇప్పుడే పరీక్ష పెట్టు.”

“ఒక్కటి తప్పినా ఇచ్చేయాలి. మాట మీద నిలబడాలి మరి.”

“ఎప్పుడైనా మాట తప్పానా?”

“బీపీ మాత్రల దగ్గర రోజూ తప్పుతావు.”

ఆమె వెనక గదిలోకి వెళ్ళింది. నాచు కట్టి పెంచుతున్న చిన్న చిన్న రాళ్ళు అక్కడి తొట్టెలో ఉన్నాయి. మూడు రాళ్ళు ఏరి, మూడు గాజు జాడీల్లో నీళ్ళు పోసి, ఒక్కో దాంట్లో ఒక్కోటి దించింది. ఆయన ఓడిపోతే ఆమెకు నిశ్చింత. షాపు లేకపోతే ఈ మనిషి ఏమైపోతాడో అన్న దిగులు కూడా ఆమెదే. ఏది కోరుకోవాలో తెలియకుండానే జాడీలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

మొదటి జాడీని ఆయన బల్బు వెలుగులోకి ఎత్తాడు. “కొమ్మకొమ్మా త్రికోణమే. మెట్లు మెట్లుగా పరుచుకుంది. ఇదీ క్రిస్మస్ మాస్ అంటే.”

“రైటే.”

“ఇదా? దీనికి తలా తోకా లేదు, చోటు దొరికినవైపల్లా పాకింది. జావా. ఇంకాస్త కష్టమైనది పెట్టలేకపోయావా?”

“ఇదీ రైటే. మూడోది చూడు.”

మూడో రాయి మీది నాచు కొసలన్నీ అంచు దాటి కిందికి వేలాడుతున్నాయి. అది వీపింగ్ మాస్. ఒక్కసారి చూపిస్తే చాలు, కొత్తవాళ్ళు కూడా మరిచిపోరు. ఆయన జాడీని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

“ఫ్లేమ్ మాస్” అన్నాడు చివరికి. “మంటలాగా మెలికలు తిరుగుతూ పైకి ఎలా లేస్తోందో చూడు.”

ఆమె జాడీ వైపు మళ్ళీ చూసింది. కిందికి వేలాడుతున్నది పైకి లేస్తోందంటున్నాడంటే ఆయనకు అసలేమీ కనబడటం లేదు. ముందు రెండూ ఏదో అలవాటు కొద్దీ చెప్పేశాడన్నమాట. ఇంత చీకట్లో ఉండి ఎవరికీ చెప్పకుండా ఎన్నాళ్ళుగా నెట్టుకొస్తున్నాడో!

“చెప్పవేం? రైటా, తప్పా?”

ఆయన చెయ్యి అప్పటికే తాళాల జేబు మీద ఉంది. తప్పు అని ఒక్క మాట అంటే చాలు. ఈ వయసులో ఈ మనిషిని తన చేతులతో ఓడించడం తన వల్ల కాదనుకుంది. కావాలంటే తనే పొద్దస్తమానం ఆయన వెనకాలే తిరుగుతుంది.

“రైటే నాన్నా. మూడూ రైటే. షాపు నీదే, తాళాలూ నీవే.”

ఫిల్టరు సరిచేస్తున్నట్టు అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఆయన తాళాల గుత్తి బయటికి తీసి, ఆమె వీపు వైపు చూశాడు. తర్వాత నిట్టూర్చి దాన్ని మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

“ఈ రోజు తాళాలు నీకిచ్చేద్దామనే అనుకున్నానే. ముందు నీకెంత వచ్చిందో చూద్దామని, కొసలు కిందికి వేలాడుతున్న వీపింగ్ మాస్‌ని పట్టుకుని కావాలనే ఫ్లేమ్ అన్నాను... అదీ కనిపెట్టలేనిదానివి, షాపెలా నడుపుతావే పిచ్చిమొద్దూ?”