టైర్ల షాపు ముందు గొయ్యి

మేష్టారి కారు ముందు చక్రం మళ్ళీ ఆ గోతిలోనే పడింది.

ధన్‌మని చప్పుడు. ఎదురింటి మేడ మీద కూతురికి జడ వేస్తున్న తల్లి చటుక్కున లేచింది. ఎవరికేమైందోనని జడ సగంలో వదిలేసి కిటికీ దగ్గరికి పరిగెత్తింది.

మనుషులకేం కాలేదు. అయిందంతా చక్రానికే.

గోతికి పది అడుగుల్లో టైర్ల షాపు. షాపతను జాకీ పెట్టి కారు లేపాడు. చక్రం ఊడదీసి రిమ్ము అంచు మీద సబ్బునీళ్ళు పోశాడు. బుడబుడమని బుడగలొచ్చాయి.

"రిమ్ము వంగింది మేష్టారూ. సుత్తితో సరిచేస్తాను, గాలి ఆగుతుంది. టైరు మాత్రం పక్కన బొప్పి కట్టింది చూడండి. లోపల దారాలు తెగిపోయాయి. మార్చాల్సిందే. దారిలో పేలిందంటే ప్రమాదం."

"మొన్న వేసవిలో మార్చిందేగా!"

"గొయ్యి అలాంటిది. నన్నేం చెయ్యమంటారు?"

మేష్టారు రోడ్డు మీదికి నడిచారు. గోతి దగ్గర గొంతుక్కూర్చున్నారు. రోడ్డు వాళ్ళు తారూ కంకరా పోసి పూడ్చి ఎనిమిది రోజులు. పూడ్చడం ఇది మూడోసారి. పూడ్చిన ప్రతిసారీ వారం తిరిగేసరికి గొయ్యి గొయ్యిలాగే ఉంటోంది. చూస్తే ఈ నెలలో వాన చుక్క లేదు. అంచు మీద వేలు పెట్టి చూశారు. కోసినట్టు నిటారుగా ఉంది.

"చక్రాల కింద లేచిపోయిన కంకర కాదిది. ఎవరో గునపంతో తవ్వారు."

నలుగురూ పోగయ్యారు.

"ఇక్కడ చక్రం విరిగితే బాగుపడేదెవరంటారు?" అన్నాడు స్కూలు వ్యాను డ్రైవరు, ఎవర్నీ చూడకుండా.

అందరి చూపూ టైర్ల షాపు మీదికి మళ్ళింది. షాపతను నవ్వాడు. నవ్వింది అతనొక్కడే.

"నమ్మి అద్దెకిచ్చాన్రా నీకు ఈ కొట్టు," అన్నారు మేష్టారు. "ఆరేళ్ళు. సొంత తమ్ముడికన్నా ఎక్కువగా చూసుకున్నాను. నా చక్రం విరగ్గొట్టి, మళ్ళీ నాకే బాగుచేసి పెడుతున్నావా?"

"అంత మాటనకండి మేష్టారూ. మీ బ్రేకులు నా చేతుల్లో పెట్టి ఇంటిల్లిపాదీ ఎక్కి తిరిగారు. ఆ చేతులే రోడ్డు తవ్వాయంటారా?"

"నాకేం చెప్పకు. సాయంత్రానికి కొట్టు ఖాళీ చెయ్యి."

షాపతను వెనక్కి తిరిగి చూశాడు. కొట్టు వెనక గదే అతని ఇల్లు. ఆ గది గుమ్మంలో నెలలు నిండిన భార్య నిలబడి వింటోంది.

అప్పటికి మేడ మీది తల్లి కూడా కిందికి దిగింది, కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని. పిల్ల రెండుసార్లు తుమ్మితే ఆస్పత్రి, పది నిమిషాలు ఆలస్యమైతే పోలీస్ స్టేషన్ గుర్తొచ్చే మనిషి ఆవిడ. పిల్ల బడి రోడ్డుకి అవతల. పోయినేడు ఇక్కడే, మీదికి దూసుకొచ్చిన కారు ముందు నుంచి పిల్లని లాగి బతికించింది ఈ షాపతనే. ఆ రోజు నుంచి పిల్లకి మావయ్య, ఆవిడకి అన్నయ్య అయ్యాడు.

ఆవిణ్ణి చూడగానే అతనికి ప్రాణం లేచొచ్చింది.

"చెల్లెమ్మా, నువ్వు చెప్పు. నీ కిటికీ సరిగ్గా ఈ గోతి మీదే ఉంది. నేను గునపం పట్టుకోవడం ఎప్పుడైనా చూశావా?"

"లేదన్నయ్యా. నేనేం చూడలేదు."

"విన్నారా?"

"చూడలేదందిగానీ నువ్వు చెయ్యలేదనలేదుగా," అన్నాడు వ్యాను డ్రైవరు.

"సరే, ఒక పని చేద్దాం," అన్నాడు షాపతను. "గొయ్యి నేనే పూడుస్తాను. ఇవాళ్టి నుంచి బయటే మంచమేసుకుని కాపలా కాస్తాను. కునుకు తీస్తే ఒట్టు. ఆ తవ్వేవాణ్ణి రెక్క పట్టుకుని మీ ముందుకి ఈడ్చుకొస్తాను. నాలుగంటే నాలుగు రోజులు ఆగండి మేష్టారూ."

మేష్టారు మెత్తబడ్డారు. "అదీ సబబే."

"అమ్మా, చెయ్యి నొప్పి," అంది పిల్ల.

"నేను విన్నాను," అంది తల్లి, ఉన్నట్టుండి. "తెల్లారగట్ల గునపం చప్పుడు. మనకెందుకులే అని భయపడి చెప్పలేదు."

"ఎటు నుంచమ్మా?" అన్నారు మేష్టారు.

ఆవిడ తలెత్తలేదు. చెయ్యెత్తి షాపు వైపు చూపించింది.

షాపతను వాదించలేదు. ప్రమాణాలు చెయ్యలేదు. ఆవిడ వంక అలాగే చూసి, "నువ్వా చెల్లెమ్మా?" అన్నాడు. అంతే. తిరిగి వెళ్ళి, కొత్త టైరు వేసి మేష్టారి చక్రం బిగించి, నట్లన్నీ ఒకటికి రెండుసార్లు సరిచూసి, జాకీ దించాడు.

సాయంత్రం ట్రాలీ ఆటో వచ్చింది. టైర్లు, గాలి మిషను, రెండు మంచాలు ఎక్కించారు. భార్య కడుపు మీద చెయ్యి పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. వీధిలో ఒక్కరూ బయటికి రాలేదు.

"మావయ్య ఊరెళ్తున్నాడా అమ్మా? టాటా చెప్పనా?"

"వద్దు. లోపలికి రా."

పోతూ పోతూ అతను రెండు తట్టల కంకర తెచ్చి గోతిలో పోశాడు. కాళ్ళతో తొక్కి చదును చేశాడు.

"నీ మీద నింద వేసినవాళ్ళకి ఇదెందుకన్నా?" అన్నాడు ఆటో అతను.

"మా మేనకోడలు దాటే చోటు. కాలు మెలిక పడుతుంది."

ఆటో మలుపు తిరిగింది. ఆ వెనకే వచ్చిన కారు చదునైన రోడ్డు మీద వేగం తగ్గించకుండానే రయ్యిమని దూసుకుపోయింది.

మర్నాడు ఇంకా చీకటి విడవకముందే, కూతురు దాటే చోట ప్రతి కారూ నెమ్మదించి తీరాలని, ఆ తల్లి గునపం చీర కొంగులో చుట్టుకుని నాలుగోసారి మెట్లు దిగింది.