అందాజు మార్కులు

"ఇరవై ఎనిమిది! దీనికి హాల్ టికెట్ ఇస్తే మా కాలేజీ మానం ఉంటాదా? ఈడ సంతకం పెట్టప్పా. వచ్చే ఏడు రాసుకుంటాది."

చరిత్ర లెక్చరర్ అమర్‌నాథ్ కాగితం ముందుకు తోశాడు. పక్కీరప్ప పెన్ను మూత తీశాడు. ఫోన్ రాగానే తన ఊరు మోకలో మిరపచేనుకు నీళ్లు కట్టడం వదిలేసి, పట్నం కంటోన్మెంట్‌లోని ఈ కాలేజీకి పరుగెత్తుకొచ్చాడు. ప్రపంచ చరిత్ర ప్రిపరేటరీ పరీక్షలో కూతురు సవిత దెబ్బతిందట. ఆ మార్కులు చూసి, అసలు పరీక్షలో ఎవరు గట్టెక్కుతారో ఈ సార్లు అందాజు కడతారు. అనుమానం ఉన్నవాళ్లను ఇంటికి తరిమేస్తారు. గేటుకు 'నూటికి నూరు పాస్' అని ఫ్లెక్సీ కట్టాలి కదా! పిల్లల ఏడాది మట్టి కొట్టుకుపోతే వీళ్లకేం?

"పెట్టద్దు నాయనా," అంది సవిత.

"నోరు ముయ్యే! సార్లతో ఏంది నీకు?" అని కసిరాడు గానీ, పక్కీరప్ప పెన్ను కాగితానికి ఆనించలేదు.

సవిత బల్ల వెనక కూర్చున్న ప్రిన్సిపాల్ రాజగోపాలయ్య వైపు తిరిగింది. "సార్, నా పేపరు ఎవురు దిద్దినారు?"

"నేనే. అక్షరం అక్షరం చదివినా," అన్నాడు అమర్‌నాథ్.

"ఏం రాసినా సార్ నేను?"

"అది కూడా చెప్పల్నా? ఫ్రెంచి విప్లవం అడిగితే రష్యా కథ చెప్పినావు. హిట్లర్‌ను తీస్కపోయి ఇటలీలో కూర్చోబెట్టినావు. రాత చూస్తే కోడి గెలికినట్ల! మీ మోక పిల్లోళ్లందరిదీ ఇదే బాగోతం. మొకం చూస్తానే మార్కులు చెప్తా నేను."

సవిత నవ్వింది. అంత పెద్ద సార్ల ముందు తన బిడ్డ అట్లా నవ్వడం పక్కీరప్ప ఎన్నడూ చూడలేదు. వంచిన తల ఎత్తాడు. పెన్నుకు మూత బిగించాడు.

"మా మోకోళ్లందరి పేపర్లూ చదివినారా సార్?"

"చదవకుండానే మార్కులేస్తారా ఎవురన్నా?"

"విన్నారు కదా ప్రిన్సిపాల్ సార్! మా హాల్ టికెట్లు తెప్పీండి," సవిత బల్ల మీదికి చెయ్యి చాపింది. "ఆ పొద్దు మా బస్సు దారిలో చెడిపోయింది. మేం నడుచుకుంటా వచ్చేసరికి మీ వాచ్‌మన్ గేటు మూసేసిండాడు. మోకోళ్లం ఒక్కరమూ ఆ పరీక్ష రాయనే లేదు!"