నీలం తీగ

“మల్ల వస్తలేదన్నా,” అన్నాడు నగేష్, నెట్ కేబుల్ టెస్టర్ చూపిస్తూ. లైట్లు వరుస తప్పి వెలుగుతున్నాయి.

జలంధర్ కేబుల్ చివర తాను బిగించిన కనెక్టర్‌ను కత్తిరించి పారేశాడు.

దుబాయ్ కార్మికుల క్యాంపు రూములో ఫోన్ సిగ్నల్ వీడియోకు చాలదు. పొద్దున నెట్ కేబుల్ కనెక్టర్ విరిగింది. ఊళ్ళో జలంధర్ అక్క గంగాబాయిని వాకిట్లో పడుకోబెట్టి, అతనికి ఆఖరిసారి ముఖం చూపించాలని అందరూ ఆగి ఉన్నారు.

“ఇటియ్యన్నా, నేన్జేస్త.”

“వద్దు. నాకొస్తది.”

జలంధర్ తీగలు సర్ది, కొత్త కనెక్టర్‌లో దూర్చి నొక్కాడు. నగేష్ దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాడు. నీలం తీగ ఉండాల్సిన చోట మళ్ళీ గోధుమ రంగు తీగే ఉంది. ఈ నగరంలో ఎన్నో ఆఫీసులకు నెట్ లైన్లు వేసిన మనిషి. తనకు ఈ రంగుల వరుస నేర్పిన మనిషి.

జలంధర్ ఫోన్ మోగింది. అతను తీయలేదు. నగేష్ తీశాడు.

“అన్నా, ఇంకెంతసేపు? పొద్దు గూకుతున్నది, లేపుతమంటున్రు,” అన్నాడు ఊరి నుంచి జలంధర్ తమ్ముడు గజేందర్.

నగేష్ జలంధర్ వైపు చూశాడు. జలంధర్ చేతిలోని కట్టర్‌నే చూస్తున్నాడు.

“నేను నగేష్‌ను. ఈడ నెట్ లేదన్నా. మీరు తీస్కపోండ్రి.”

“దుబాయ్‌ల నెట్ లేకపోవుడేంది?”

“లేదన్నా. తీస్కపోండ్రి.”

నగేష్ ఫోన్ పెట్టేశాడు.

“లేపిన్రా?” అన్నాడు జలంధర్.

“లేపుతున్రు.”

జలంధర్ ఇంకో కనెక్టర్ తీసుకున్నాడు. తీగలను ఒక్క చూపులో సర్ది, గోడకేసి చూస్తూనే బిగించాడు. టెస్టర్‌లో లైట్లన్నీ ఒకదాని వెనక ఒకటి వరుసగా వెలిగాయి.